కదలని గట్లు, కదలుచున్న ఋతువులు

ఫ్రాన్సు దేశమున బర్గండీ సీమలో బోన్ అను పట్టణము కలదు. ఆ పట్టణపు తోటలలో ద్రాక్షకోత ఏటేట ఏ దినమున ఆరంభమైనదో తెలుపు లెక్కలు 1354వ సంవత్సరము నుండి లభించుచున్నవి. 2018 వరకు గల ఈ తేదీలను పరిశోధకులు క్రోడీకరించి 2019లో ప్రకటించిరి. 1354 మొదలు 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28వ తేదీన మొదలగుచుండెను. ఆ తరువాతి 31 సంవత్సరములలో అది సగటున 13 దినములు ముందునకు జరిగినది. ఆరు శతాబ్దములు నిలిచిన సగటు ఒక్క తరములో మారిపోయినది.

పదమూడు దినములే గదా యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ద్రాక్షపండు ముదురుకొలది చక్కెర పెరుగును, పులుపు తగ్గును. ఆ చక్కెరయే పులిసి మద్యసారమగును. ఎండ మితముగా నున్నచో పండు మెల్లగా పక్వమై తీపి, పులుపు, సువాసన పొందికగా అమరును. ఎండ మిక్కిలియైనచో తీపి ముందుగా పెరిగి, ద్రాక్షాసవమున మద్యసారము హెచ్చి, రుచిలోని చురుకు సన్నగిల్లును. ముందుగా చిగిర్చిన తీగకు మంచు గండము కూడ కలదు. 2021 మార్చి నెలాఖరు వెచ్చదనమునకు చిగిర్చిన ఫ్రెంచి తోటలు పెక్కు, ఏప్రిల్ మంచుకు మాడిపోయినవి.

బర్గండీ కీర్తికి మూలము నేల. తూర్పునకు వాలిన సున్నపురాతి చరియలలో, నీరు నిలువని నడిమి భాగమునకును దిగువ భాగమునకును పంటలో భేదము కలదు. మధ్యయుగమున క్రైస్తవ సన్యాసులు ఈ భేదమును గమనించుచు క్షేత్రములను సాగుచేసిరి. 1395లో ఫిలిప్ ప్రభువు గామే జాతి ద్రాక్షను పెరికివేయ నాజ్ఞాపించి, పినో న్వార్ జాతికి పెద్దపీట వేసెను. 1935లో ఫ్రెంచి ప్రభుత్వము ఈ సంప్రదాయమునకు చట్టరూప మొసగినది. ఒక సీమ పేరు వాడుకొనవలెనన్న, ఆ సీమ హద్దులలో, నిర్ణీతమైన జాతులనే పండించి, నిర్ణీత పద్ధతిలో ఆసవము చేయవలెను. దొంగపేర్ల వర్తకమును అరికట్టుటకు ఇది చక్కని సాధనము. అయితే చట్టము నేలకు గట్టు వేయగలదు, ఎండకు వేయజాలదు.

బోర్డో సీమవారు 2021లో నియమమును కొంత సడలించుకొనిరి. వేడికి తట్టుకొనునవని తలచి ఆరు క్రొత్త జాతులకు అనుమతి లభించినది. తోటలో నూటికి 5 పాళ్లు, మిశ్రమములో 10 పాళ్లు మించరాదు. షాంపేన్ సీమకు చెందిన తైతాంజే సంస్థ మరియొక త్రోవ త్రొక్కినది. దక్షిణ ఇంగ్లండున షాంపేన్ నేలను బోలు సుద్దనేల యున్నది. ఆ సంస్థ 2015లో కెంటు ప్రాంతమున తోటకై భూమి కొనెను. అచ్చట పండినదానికి షాంపేన్ అను పేరు మాత్రము చెల్లదు.

కావున బర్గండీ రైతునకు ముందున్న ప్రశ్న కఠినమైనది. పినో న్వార్‌ను విడిచినచో రుచి మారును. దానితో చల్లని చోటికి తరలినచో పేరు పోవును.

ఈ ప్రశ్న మనకును దూరము కాదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మామిడి పూతయు శీతకాలపు చలిని నమ్ముకొన్నదే. పేరును కాపాడుటకు చట్టము చాలును. ఆ పేరునకు రుచి నొసగు ఋతువును కాపాడుట ఏ ఒక్క సీమకును సాధ్యము కాదు. అది దేశములన్నియు కలిసి చేయవలసిన పని.