సూపర్‌మాన్‌ గారూ, గుమాస్తా గారూ

“ఈ వయస్సులో మీకు బొమ్మల పుస్తకాలేమిటండీ?” అన్నారు మా పక్కింటి మాష్టారు, మొన్న ఉదయం పేపరు కోసం వచ్చి. నా ఒళ్ళో సూపర్‌మాన్‌ వున్నాడు. పక్కనే ముక్కాలిపీట మీద ఇంకో బొమ్మల పుస్తకం బోర్లించి వుంది. ఇక సంజాయిషీ చెప్పుకోక తప్పలేదు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను.

మా తరంలో ఈ వ్యసనం చాలామందికి వుండేది. బుజ్జాయి గారి డుంబు కోసం వారపత్రికను పెద్దవాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నవాళ్ళం మేము. 1964లో ఇంద్రజాల్‌ కామిక్స్‌ మొదలై ఫాంటమ్‌ను తెచ్చిపెట్టింది. సూపర్‌మాన్‌ మాత్రం నాకు పాత పుస్తకాల కొట్టులో, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు ప్రతిలో దొరికాడు. ఆ ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మిగతా సగం బొమ్మ చెప్పేది.

అందులో నాకు నచ్చినవాడు ఎగిరే సూపర్‌మాన్‌ కాదు, కళ్ళజోడు పెట్టుకుని పత్రికాఫీసులో అందరిచేతా మాటపడే క్లార్క్‌ కెంట్‌. తరువాత నేనూ ఒక కచేరీలో దస్త్రాల గుమాస్తానయ్యాను. ముప్ఫయ్యేళ్ళపాటు ఫైళ్ళు తీశాను, పెట్టాను. పై అధికారి నలుగురిలో కేకలు వేసిన రోజున, చొక్కా గుండీల వెనక నాకూ ఒక ఎర్రని అక్షరం వుందని అనుకుంటూ ఇంటికి నడిచేవాణ్ణి. మాష్టారు నవ్వారు. నవ్వితే నవ్వనివ్వండి.

ఈ సూపర్‌మాన్‌ పుట్టింది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌ నగరంలో. జెర్రీ సీగెల్‌, జో షూస్టర్‌ అని ఇద్దరు కుర్రవాళ్ళు. ఒకే బడిలో చదివారు. ఒకడు కథ రాసేవాడు, ఒకడు బొమ్మ వేసేవాడు. వాళ్ళ కథను ఏళ్ళ తరబడి ఎందరో తిప్పి పంపించారు. చివరకు 1938లో ‘యాక్షన్‌ కామిక్స్‌’ మొదటి సంచికలో వచ్చింది. వెల పది సెంట్లు. ఆ మొదటి కథ చదివితే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. అందులో లోకాలను మింగే రాక్షసులెవరూ లేరు. ఉరుకులు పరుగులతో వచ్చి నిర్దోషి అయిన ఒక స్త్రీకి మరణశిక్ష తప్పిస్తాడు. పెళ్ళాన్ని కొడుతున్న ఒక మొగుడికి బుద్ధి చెబుతాడు. వీధిలో మనం చూసి, ఏమీ చేయలేక తలవంచుకుని పోయే సంగతులే అవన్నీ.

పేజీకి పది డాలర్ల చొప్పున పదమూడు పేజీలకు 130 డాలర్లు ఇచ్చి, సూపర్‌మాన్‌ మీద సమస్త హక్కులూ కంపెనీ రాయించుకుంది. 1947లో ఆ ఇద్దరూ కోర్టుకెక్కారు. హక్కు రాలేదు సరికదా, ఉన్న పని పోయింది, పుస్తకం మీద పేర్లూ పోయాయి. షూస్టర్‌కు చూపు మందగించింది. 1975 నాటికి సీగెల్‌ ఏం చేస్తున్నాడనుకున్నారు? అరవయ్యొకటో ఏట ఒక ఆఫీసులో టైపు గుమాస్తా! అవతల సూపర్‌మాన్‌ సినిమాకు సన్నాహాలు జరుగుతున్నాయి. సీగెల్‌ పత్రికలవాళ్ళకు మొర పెట్టుకున్నాడు, తోటి చిత్రకారులు గొడవ చేశారు. అప్పుడు గాని ఇద్దరికీ ఏటా ఇరవై వేల డాలర్ల భృతి, పుస్తకాల మీద పేర్లు తిరిగి రాలేదు. 2014లో ఆ పది సెంట్ల సంచిక ప్రతి ఒకటి వేలంలో 32 లక్షల డాలర్లకు పోయింది.

ఈ సంగతి తెలిసిన తరువాత కొంతకాలం సూపర్‌మాన్‌ను ముట్టుకోబుద్ధి కాలేదు. అలాంటి రోజుల్లోనే ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలో, ఆ రెండో పుస్తకం దొరికింది.

దాని కర్త హార్వీ పీకార్‌. ఆయనదీ క్లీవ్‌లాండే. సూపర్‌మాన్‌ అచ్చయిన మరుసటి ఏడు పుట్టాడు. తలిదండ్రులది కిరాణా కొట్టు. ఆయన యుద్ధ సైనికుల ఆసుపత్రిలో దస్త్రాల గుమాస్తా. అవునండీ, దస్త్రాలే! పేవ్‌మెంటు మీద నిలబడి ఆ ముక్క చదివి, బేరమాడడం మరచిపోయి అడిగినంతా ఇచ్చేశాను.

పీకార్‌కు బొమ్మలు వేయడం రాదు. గళ్ళు గీసి, పుల్లల మనుషులను పెట్టి, పైన మాటలు రాసి ఇచ్చేవాడు. పాత జాజ్‌ రికార్డుల పిచ్చితో స్నేహితుడైన రాబర్ట్‌ క్రంబ్‌ మొదట వాటికి బొమ్మలు వేశాడు. తరువాత ఇంకెందరో వేశారు. 1976లో ‘అమెరికన్‌ స్ప్లెండర్‌’ అన్న పేరుతో సొంత జీతం డబ్బులతో అచ్చువేయించుకున్నాడు. సుమారుగా ఏడాదికొక సంచిక. అందులో ఎగిరేవాడూ లేడు, ముసుగువాడూ లేడు. బజారులో బేరాలాడే ముసలమ్మ వెనక వరుసలో నిలబడితే ఎంతసేపు పడుతుందన్నది ఒక కథ. మరో కథలో ఆదివారం పూట రొట్టె కొనడానికి బయలుదేరుతాడు. పేరు వచ్చి, ఉద్యోగం మానేస్తే, రాయడానికి నా దగ్గర ఏం మిగులుతుంది అని దారంతా మథన పడతాడు. రొట్టె కొని, దాని వాసన చూసుకుంటాడు. అంతే కథ. అది చదివాక ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్ఫయ్యేళ్ళు నేను చెప్పుకోదగ్గ పని ఏదీ చేయలేదన్న దిగులు నాకుండేది. నా బోటి పని చేసినవాడే, ఆ పనిలోంచే ఇంత తీశాడు కదా!

ఆయన మీద 2003లో సినిమా వచ్చింది. అయితే 2001లో పదవీ విరమణ చేసేదాకా ఆ గుమాస్తాగిరీ వదలలేదు. 2010లో పోయాడు. అంతకు ముందు ఒక విచిత్రం జరిగింది. 2006లో ‘అమెరికన్‌ స్ప్లెండర్‌’ను నాలుగు సంచికలుగా వేసింది ఎవరో తెలుసునా? సూపర్‌మాన్‌ను వేసే డీసీ కంపెనీయే, వర్టిగో అనే తన శాఖలో!

“అయితే మీరు ఎవరి పక్షం?” అన్నారు మాష్టారు.

ఇద్దరి పక్షమూనండీ అన్నాను. పెద్ద కంపెనీ పుస్తకంలో జరిగిన అన్యాయం అన్యాయమే. దానికి సీగెల్‌, షూస్టర్ల బొమ్మా కథా ఏం పాపం చేశాయి? ఆఫీసులో మాటపడి ఇంటికి వచ్చిన సాయంత్రం నాకు సూపర్‌మాన్‌ కావలసివచ్చేవాడు. మర్నాడు మళ్ళీ అదే ఆఫీసుకు బయలుదేరడానికి పీకార్‌ కావలసింది. పాపం, ఆయన నాకు పదవీ విరమణ తరువాత దొరికాడు. ఇప్పుడు ఉద్యోగాల్లో వున్న మీకు ముందే చెప్పాలనే ఇదంతా.

మాష్టారు అంతా విని, “ఏదీ, ఇలా ఇవ్వండి, ఒకసారి తిరగేస్తాను” అని పీకార్‌ను పట్టుకుపోయారు. వారం అయింది. పేపరు కోసం రోజూ వస్తున్నారు గాని, పుస్తకం మాట ఎత్తడం లేదు.