‘అనిలీన్’: అన్యదేశ్యమా, తత్సమమా?

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల అద్దకపు పదాలకు నిఘంటువు కూర్చేవారు ‘అనిలీన్’ను ‘ఇంగ్లీషు’ అని గుర్తించి ఊరుకోవడం శాస్త్రీయం కాదు. 1840లో ఫ్రిట్షె నీలిమందును క్షారంతో కాచి పొందిన ద్రవానికి పెట్టిన పేరిది. పోర్చుగీసు ‘అనిల్’ దీనికి ఆధారం; దానికి అరబ్బీ ‘అన్-నీల్’; దానికి పారసీకం మీదుగా సంస్కృత ‘నీల’. జపానీయులు తమ ‘అనిరిన్’ను జర్మన్ నుండి గ్రహించారు, వారి నిఘంటువులు ఆ దారిని చెబుతాయి.

అట్లని దీనిని తత్సమమనడం మరింత పొరపాటు. ఆది అకారం అరబ్బీ ఉపపదం ‘అల్’ అవశేషమే కాని నిషేధార్థకం కాదు. శుద్ధమైన అనిలీన్‌కు రంగు లేకపోవడం కాకతాళీయం. ‘నీలిమందు’లోని ‘నీలి’, ‘అనిలీన్’ ఒకే మూలం నుండి వేర్వేరు దారుల్లో వచ్చినవి. ఈ రెండు ఆరోపాల మధ్య పరస్పర సూచన ఉండవలసిందే.