కాలిక్యులేటరే కదా అని తీసిపారేయకండి

కొంచెం పెద్ద పోస్టు ఇది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ సగంలో ఆపకండి.

ఈ మధ్య మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సైడు పిల్లలు చాలామంది పైథాన్ మొదలుపెట్టిండ్రు. సంతోషమే. కాని మేము చూస్తున్నదేందంటే, మొదటి వారం వీడియో చూసి కాలిక్యులేటర్ ప్రోగ్రాం కొడుతున్నరు, రెండో వారం వెబ్‌సైట్, మూడో వారం ఏఐ, నాలుగో వారం మానేసుడు. అడిగితే "కాలిక్యులేటర్ అయిపోయిందన్నా, అది చిన్నపిల్లల ప్రోగ్రాం" అంటరు. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నం: కాలిక్యులేటర్ అయిపోలేదు. మీరు రాసింది సగం కూడా కాదు. ఒక నెల రోజులు దాని మీదనే కూర్చోండి.

మేమూ అక్కడి నుంచే వచ్చినం. హాస్టల్ నుంచి డిగ్రీ కాలేజీకి పోయిన కొత్తలో ల్యాబులో 5, 3 ఇచ్చి కూడమంటే 53 వచ్చింది. పక్కోడు నవ్విండు. మాకైతే మనసులో ఒకటే మాట: "ఇది ఇంగ్లీష్ మీడియం వాళ్లకే వస్తది, మనకు రాదు." తర్వాత తెలిసింది, ప్రపంచంలో పైథాన్ నేర్చుకునే దాదాపు ప్రతి ఒక్కరికీ ఆ 53 వస్తదని. కీబోర్డు మీద కొట్టింది ఏదైనా ఇన్‌పుట్ దాన్ని అక్షరాల ముక్కగానే తీసుకుంటది. రెండు ముక్కల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తది, అంతే. ఇంట్ అనో ఫ్లోట్ అనో చెప్పి అంకెగా మార్చుకోవాలె. ఈ రెండు ముక్కలు ఆ రోజు ఎవరన్నా చెప్పి ఉంటే కొంతమంది మనోళ్లు ఆ ల్యాబ్ వదిలేసేవాళ్లు కాదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నం.

ఇంకా రెండు ఉన్నయి, త్వరగా చెప్పేస్తం. సున్నాతో భాగిస్తే ప్రోగ్రాం ఎర్రక్షరాలు చూపించి చచ్చిపోతది. ట్రై, ఎక్సెప్ట్ పెట్టి "సున్నాతో భాగించలేం, మళ్లీ ఇవ్వండి" అనిపించండి. 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 వస్తది. మీ తప్పు కాదు, కంప్యూటర్ తప్పు కూడా కాదు. రెండు అంకెలతోనే లెక్క రాసుకునే యంత్రంలో పదోవంతు ఎన్నటికీ పూర్తిగా ఇమడదు, మనం మూడోవంతును 0.333 అని రాసుకుంటూ పోయినట్టు. అందుకే డబ్బుల లెక్కను పైసల్లో, పూర్తి సంఖ్యలుగా పెట్టుకుంటే మంచిది.

ఇక అసలు సంగతి. దామరచర్ల దిక్కు తండా నుంచి వచ్చిన మా తమ్ముడొకడు ఫోన్లో కాలిక్యులేటర్ రాసుకున్నడు. ల్యాప్‌టాప్ లేదు, పైడ్రాయిడ్ యాప్‌లోనే. సెలవులకు ఇంటికి పోతే వాళ్ల బాపు పాస్‌బుక్కులు ముందర పెట్టిండు. ఒక చోట 1.30, ఇంకో చోట 2.20. "మొత్తం ఎంత బిడ్డా?" అన్నడు. మనోడు కొత్త ప్రోగ్రాంలో కొట్టి "మూడున్నర" అన్నడు. మంచంలో పడుకున్న తాత లేవకుండానే "నాలుగెకరాల పది గుంటలు" అన్నడంట.

తాత చెప్పిందే రైటు. 1.30 అంటే ఎకరం ముప్పై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కదా. 70 గుంటలు, 100 గుంటలు కలిపి 170. నలభైతో భాగిస్తే 4 ఎకరాలు, మిగిలింది 10 గుంటలు. మూడున్నర ఎక్కడ, నాలుగుంబావు ఎక్కడ? రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున చూస్తే మూడున్నరకు 21,000, నాలుగుంబావుకు 25,500. ఒక చుక్కను తప్పు చదివితే 4,500 రూపాయలు గాయబ్. అన్నదమ్ముల పంపకాల దగ్గరైతే కొట్లాటే.

ఆ తమ్ముడు సిగ్గుపడి ఊరుకోలేదు, అదే మాకు నచ్చింది. తిరిగొచ్చి ప్రోగ్రాం మార్చిండు. అప్పుడింకో తమాషా బయటపడ్డది. 2.20ని ఫ్లోట్‌గా తీసుకుంటే పైథాన్ చివరి సున్నాను పడేసి 2.2 చేస్తది. ఇప్పుడది రెండెకరాల రెండు గుంటలా, ఇరవై గుంటలా? దానికి తెలియదు. కాబట్టి అంకెగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచి, చుక్క దగ్గర స్ప్లిట్ చేసి, ఎడమ ముక్కను ఎకరాలు, కుడి ముక్కను గుంటలు అనుకోవాలె. చూడండి, మొదటి రోజు 53 ఇచ్చి మనల్ని ఏడిపించిన ఆ అక్షరాల ముక్కే ఇక్కడ కాపాడింది. భాగాహారంలో శేషం ఇచ్చే గుర్తు ఎందుకుందో మాకు పుస్తకంలో ఎన్నడూ అర్థం కాలేదు, గుంటల దగ్గర ఒక్క నిమిషంలో అర్థమైంది.

అక్కడి నుంచి కాంటా దగ్గరికి పోయినం. 62 బస్తాలు, బస్తాకు 40 కిలోలు, అంటే 24.80 క్వింటాళ్లు. 2025-26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389. బిల్లు 59,247 రూపాయల 20 పైసలు. తరుగు పేరుతో బస్తాకు రెండు కిలోలు ఎక్కువ తూకం వేస్తే? 124 కిలోలు, 2,962 రూపాయల 36 పైసలు. "రెండు కిలోలే కదా" అనే మాట విని మన యాడి, బాపు తలూపి వస్తరు. అదే నోటు మీద 2,962 అని రాసి చూపిస్తే మాట మారుతది.

వడ్డీ ఇంకా ముఖ్యం. 50,000 అప్పు, మూడు రూపాయల వడ్డీ, 14 నెలలు. మామూలు వడ్డీ 21,000. ఏడాదికి వడ్డీని అసలులో కలిపితే 22,080. ఇక్కడ కోడ్ కష్టం కాదు, అడిగే ప్రశ్న కష్టం. మూడు అంటే నెలకు నూటికి మూడు, అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకు పంట రుణం 7 శాతం అంటే అది ఏడాదికి. తెలియనోళ్లకు మూడు కన్నా ఏడే పెద్దగా కనిపిస్తది! మీ ప్రోగ్రాం "నెలకా, సంవత్సరానికా?" అని అడగాలె. మేము చూసిన ఏ వీడియోలోనూ కాలిక్యులేటర్ ఆ ప్రశ్న అడగలేదు.

కొందరు అన్నలు అంటరు, "ఏఐని అడిగితే పది సెకన్లలో రాసిస్తది కదా, ఎందుకీ కష్టం?" రాసిస్తది, నిజమే. మేమూ వాడుతం. కాని 1.30 అంటే గుంటలని మీరు చెప్పకపోతే అది కూడా మూడున్నరే అంటది. ఇంకొందరు, "ముందు గ్రూప్స్, కానిస్టేబుల్ చూసుకోండి" అంటరు. ఈ మాట తప్పని మేము అనం, ఇంట్లో జీతం రావాలె. కాని రోజుకు గంట దీనికి పెడితే ఆ పరీక్షల అరిథ్‌మెటిక్‌కి నష్టమేం లేదు, లాభమే.

చిన్న ప్రోగ్రాం అని నామోషీ పడేవాళ్లకు రెండు ముచ్చట్లు. ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ 1642లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే, కూడికల యంత్రం పని మొదలుపెట్టిండు. ఎందుకంటే వాళ్ల నాయిన పన్నుల లెక్కలతో సతమతమవుతుంటే చూడలేక. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్ కూడా బిజికామ్ అనే జపాన్ కంపెనీ కాలిక్యులేటర్ల కోసం అడిగితే పుట్టిందే.

ఇంగ్లీష్ భయం ఉన్నవాళ్లకు ఇంకోటి. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. అసలు, వడ్డీ, గుంటలు అని రాయండి, నడుస్తది. తెలుగు అంకె ౫ ఇచ్చి ఇంట్ అంటే 5 అని గుర్తుపడతది. మన గోర్‌బోలిలో మాటలను తెలుగు లిపిలో రాసినా ఒప్పుకుంటది. ఉద్యోగంలో ఇంగ్లీష్ పేర్లే పెట్టాలె, అది వేరే సంగతి. నేర్చుకునేటప్పుడు ఎందుకు భయం?

మా ప్రోగ్రాంలో ఒకటి ఇంకా మిగిలి ఉంది. పుట్టికి ఇరవై తూములు అని ముసలోళ్లు చెప్తరు, కాని తూముకు ఎన్ని కిలోలంటే తండాకో మాట చెప్తున్నరు. లంబాడ పిల్లలైనా, ఎరుకల పిల్లలైనా, ఈ ఆదివారం ఇంటికి పోయినోళ్లు మీ తాతనో అమ్మమ్మనో అడిగి, ఊరు పేరుతో సహా కింద రాయండి. ఆ తమ్ముడు కలుపుతడు.