చలి కిందినుంచి వస్తుంది



ఈ నెల ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రెండు చెట్లకు గుడ్డ ఉయ్యాల కట్టుకుని ఒక కుర్రవాడు అందులో పడుకున్నాడు. అది కొండమీది అడవి. రాత్రి చల్లగాలి మొదలైంది. వాడు కంబళి కప్పుకున్నాడు. అయినా వీపు మంచుగడ్డలా ఉంది. వాడి సంచిలో ఇంకో కంబళి ఉంది. దాన్ని ఎక్కడ వేసుకోవాలి?

"ఇంకెక్కడ? మొదటి కంబళి మీదే!" అంటారు మీలో చాలామంది. నేను బడిలో పాఠం చెప్పే రోజుల్లో ఈ ప్రశ్న అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో ఇదే జవాబు చెప్పేది. కాని ఆ కుర్రవాడు మీ మాట విని రెండో కంబళి కూడా పైనే కప్పుకున్నాడా, తెల్లవార్లూ వణుకుతూనే ఉంటాడు. ఎందుకో చూద్దాం.

వేసవిలో ఆరుబయట నులకమంచం మీద పడుకున్నారా? పరుపు మీద పడుకుంటే వీపంతా చెమట పడుతుంది. ఉత్త నులకమంచం మీద పడుకుంటే హాయిగా ఉంటుంది. నులక సందుల్లోంచి గాలి వచ్చి వీపుకు తగులుతుంది గదా! మరి అదే మంచం మీద పుష్యమాసంలో పడుకోవాలంటే మీ నాయనమ్మ ఏం చేస్తుంది? ముందు బొంత పరుస్తుంది. ఆ తరవాతే దుప్పటి కప్పుతుంది. కింద బొంత లేకుండా పైన ఎన్ని దుప్పట్లు వేసినా లాభం లేదని ఆవిడకు బాగా తెలుసు.

గుడ్డ ఉయ్యాల కూడా ఈ నులకమంచం వంటిదే. దాన్ని ఇంగ్లీషులో హామక్ అంటారు. అది పుట్టింది వేడి దేశాల్లో. కరీబియన్ సముద్రపు దీవుల్లో టాయినో అనే జాతివారు నూలుతో అల్లిన వల ఉయ్యాలల్లో నిద్రపోయేవారు. 1492లో కొలంబస్ ఆ ప్రాంతాలకు వెళ్ళినప్పుడు ఈ పడకలను చూశాడు. వాళ్ళు వీటిని 'హమాకా' అనేవారు. ఆ మాటే ఇంగ్లీషులో హామక్ అయింది. నేలమీది తేమ అంటదు, పురుగూ పుట్రా ఎక్కవు, కిందినుంచి గాలి ఆడుతుంది. వేడి దేశంలో ఇంతకన్న మంచి పడక ఏముంటుంది?

తరవాత ఓడల్లో పనిచేసే నావికులు కూడా దీన్ని వాడసాగారు. అయితే బ్రిటిష్ నావికులు ఉత్త కాన్వాసు గుడ్డ మీద పడుకునేవారు కాదు. అందులో పల్చని పరుపు వేసుకునేవారు. ఇక ఈ రోజుల్లో కొండల్లో, అడవుల్లో కాలినడకన తిరిగేవాళ్ళు చాలామంది నైలాన్ ఉయ్యాల ఒకటి చుట్టచుట్టి సంచిలో పెట్టుకుపోతున్నారు. వేసవిలో అది స్వర్గమే. అనుకోకుండా చలి దిగిందా, ఆ స్వర్గమే నరకమవుతుంది.

కంబళి ఎందుకు వెచ్చగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? కంబళి పొయ్యి కాదు, అందులో నిప్పు లేదు. పూర్వం ఐసు అమ్మేవాళ్ళు ఐసుగడ్డను రంపపు పొట్టులో కప్పి, గోనె చుట్టి తెచ్చేవారు. గోనె వెచ్చదనాన్ని పుట్టించేదే అయితే ఐసు కరిగిపోవాలి గదా! కరగదు సరికదా, మరికాస్త సేపు నిలుస్తుంది. అంటే ఏమిటన్నమాట? గోనె అయినా కంబళి అయినా వేడిని పుట్టించవు. వేడిని ఇటునుంచి అటు పోనివ్వకుండా అడ్డుపడతాయి, అంతే. మన విషయంలో పొయ్యి ఎక్కడుంది? మన ఒంట్లోనే. మనం తిన్న అన్నమే దానికి కట్టెలు.

అడ్డుపడేది ఉన్ని కాదు, ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. కదలకుండా ఉన్న గాలి వేడికి అధమ వాహకం. కాని అదే గాలి కదిలిందా, వేడిని ఎత్తుకుపోతుంది. విసనకర్రతో విసురుకుంటే చల్లగా ఉండేది అందుకే. కనక ఈ మాట గుర్తుపెట్టుకోండి: నిలిచిన గాలి నేస్తం, కదిలే గాలి దొంగ.

ఇప్పుడు ఉయ్యాలలోకి తొంగి చూడండి. కుర్రవాడి పైన కంబళి పొంగి ఉంది. అందులో గాలి నిలిచి ఉంది. పైన బాగానే ఉంది. కింద ఏముంది? ఒక పల్చని గుడ్డ. ఆ గుడ్డ కిందినుంచి గాలి రయ్యిన పోతున్నది. వాడి వీపులోని వేడినంతా ఆ దొంగ దోచుకుపోతున్నది. నిజానికి చలి అనేది లోపలికి రాదు, మన వేడే బయటికి పోతుంది. కాని పడుకున్నవాడికి మాత్రం చలి కిందినుంచి వచ్చినట్టే ఉంటుంది. కనక రెండో కంబళి వెయ్యవలసిన చోటు కింద!

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కంబళిని ఉయ్యాల లోపల పరుచుకుని దానిమీద పడుకుంటే, ఒంటి బరువుకు అది అణిగిపోతుంది. అణిగితే అందులోని గాలి బయటికి పోతుంది. గాలి పోయిన కంబళి సగం పనే చేస్తుంది. బాతు నూగు నింపిన ఖరీదైన బొంతసంచి అయినా ఇంతే. వీపు కింద పడి నలిగిన భాగం కాగితంలా అయిపోతుంది. దీనికి అడవుల్లో తిరిగేవాళ్ళు ఒక చక్కని ఉపాయం కనిపెట్టారు. బొంతను ఉయ్యాల లోపల పరవరు. ఉయ్యాలకు బయట, అడుగున, దాన్ని అంటీ అంటనట్టు వేలాడగడతారు. అప్పుడు బరువు దానిమీద పడదు. బొంత పొంగే ఉంటుంది, అందులో గాలి నిలిచే ఉంటుంది. అది లేనివారు లోపల ఫోమ్ చాప పరుచుకుంటారు. ఫోమ్ అంత సులువుగా అణగదు.

"చలి ఉందని తెలిస్తే ఇవన్నీ తీసుకుపోతాం. తెలియకపోతేనో?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. చలి చెప్పకుండా రావడానికి మొదటి కారణం ఎత్తు. కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. సుమారుగా ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల సెంటిగ్రేడు చొప్పున తగ్గుతుంది.

అమెరికాలో గ్రేట్ స్మోకీ పర్వతాలు ఉన్నాయి. ఆ దేశంలోని జాతీయ వనాలన్నిటిలోకీ ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే. కొండ కింద గాట్లిన్‌బర్గ్ అనే ఊరు ఉంది. కువోహి అనే శిఖరం ఎత్తు 6,643 అడుగులు. 2024 దాకా దాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు. ఊరికీ శిఖరానికీ తేడా ఇంచుమించు 1,600 మీటర్లు. పలక తీసుకుని లెక్క కట్టండి. 10 డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. ఊళ్ళో 8 డిగ్రీలు ఉండి చినుకులు పడుతున్నాయనుకోండి. అదే సమయంలో శిఖరం మీద సున్నాకు 2 డిగ్రీలు కింద! అక్కడ పడేది చినుకు కాదు, మంచు. ఊళ్ళో వాతావరణం చూసి కొండకు బయలుదేరినవాడు మోసపోక ఏం చేస్తాడు?

రెండో కారణం తుఫాను. 1993 మార్చి 12 మొదలు 14 దాకా అమెరికా తూర్పు భాగం మీద ఒక మహా మంచుతుఫాను విరుచుకుపడింది. స్మోకీ పర్వతాల్లో లెకాంట్ అనే కొండమీద నాలుగున్నర అడుగులకు పైగా మంచు పేరుకుంది. మీలో కొందరు అందులో మునిగిపోతారు! తుఫాను వస్తుందని వాతావరణ శాఖవారు కొన్ని రోజుల ముందే చెప్పారు. కాని వసంతం వస్తున్నది, ఎండ కాస్తున్నది, ఇప్పుడు మంచేమిటని చాలామంది నమ్మలేదు. ఆ తుఫానులో 200 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సరిగ్గా అప్పుడే మిచిగాన్ రాష్ట్రపు బడి ఒకదాని నుంచి వచ్చిన విద్యార్థులూ ఉపాధ్యాయులూ వందమందికి పైగా ఆ కొండల్లో చిక్కుకుపోయారు. వెతికేవాళ్ళు హెలికాప్టర్లలో తిరిగి, మంచులో నడిచి, వాళ్ళను బయటికి తీసుకువచ్చారు. అదృష్టవశాత్తు అందరూ బతికారు. వాళ్ళు ఉయ్యాలల్లో పడుకోలేదు. కాని ఆ కొండలు నేర్పిన పాఠం అందరిదీ: కాలెండరు చూసి కాదు, వాతావరణ సూచన విని బయలుదేరాలి.

మన దగ్గర అంత మంచు పడదు. అయినా అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజాములు సున్నా డిగ్రీలకు దగ్గరగా దిగిన రోజులున్నాయి. సముద్రపుటొడ్డు ఊళ్ళ నుంచి పల్చని చొక్కాతో వెళ్ళి అక్కడ గుడారాల్లో పడుకునేవాళ్ళకూ ఈ లెక్కే వర్తిస్తుంది.

సరే, ఉయ్యాలలో ఉండగా అనుకోకుండా చలి దిగింది, మంచు మొదలైంది. ఏం చెయ్యాలి?

మొదటి పని, పొడిగా ఉండడం. నీరు గాలికన్న ఇంచుమించు 25 రెట్లు తొందరగా వేడిని లాగేస్తుంది. తడిసిన నూలుబట్ట ఒంటిమీద ఉంటే బట్ట లేనట్టే కాదు, అంతకన్న అన్యాయం. వెంటనే విప్పి పొడిబట్టలు తొడుక్కోవాలి. ఉయ్యాలపైన కట్టిన టార్పాలిన్ అంచులను కిందికి దించి, గాలివాటం వైపు మూసెయ్యాలి. దానిమీద మంచు పేరుకుంటే బరువుకు కూలుతుంది. అప్పుడప్పుడు లోపలినుంచి తట్టి దులపాలి. ఎండిన చెట్లకూ, ఎండుకొమ్మల కిందా ఉయ్యాల కట్టనే కూడదు. మంచు బరువుకు కొమ్మలు విరిగి మీద పడతాయి.

రెండో పని, వీపు కింద ఏదో ఒకటి చేర్చడం. మిగిలిన బట్టలు, ఖాళీ సంచి, ఏది ఉంటే అది. కాళ్ళను ఖాళీ సంచిలో దూర్చుకోవచ్చు. ఏమీ లేకపోతే ఉయ్యాల మీద మమకారం వదిలి కిందికి దిగాలి. ఎండుటాకులు దొరికితే మోకాలెత్తు పోసి, గాలి తగలని చోట వాటిమీద పడుకోవాలి. ఆకుల మధ్య గాలి నిలుస్తుంది గదా! ఉత్త నేలమీద మాత్రం పడుకోకూడదు. నేల కూడా వేడిని లాగేస్తుంది.

మూడో పని, పొయ్యిలో కట్టెలు వెయ్యడం. పడుకునే ముందు కాస్త బెల్లమో, వేరుశనగలో, ఏదో ఒకటి తినాలి. వేడినీళ్ళు గట్టి సీసాలో పోసి, బిగుతుగా మూత పెట్టి, మేజోడులో దూర్చి పక్కన పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది. అయితే ఒక హెచ్చరిక. మూసిన గుడారంలో, టార్పాలిన్ చాటున పొయ్యిగాని బొగ్గుల కుంపటిగాని పెట్టుకుని నిద్రపోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు పుడుతుంది. పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవరు.

అన్నిటికన్న ముఖ్యం, పక్కవాణ్ణి కనిపెట్టి ఉండడం. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అది 35కు దిగజారితే ప్రమాదం. మనిషి గట్టిగా వణుకుతాడు. బొత్తాం పెట్టుకోలేడు. మాట తడబడుతుంది. అడుగు తడబడుతుంది. ఏమయిందని అడిగితే "నాకేం లేదు" అంటాడు. ఆ మాట నమ్మకండి! వేడి పోయిన కొద్దీ తెలివి కూడా మందగిస్తుంది. అందుకే తన సంగతి తనకు తెలియదు. వెంటనే పొడిబట్టలు తొడిగి, కిందా పైనా కప్పి, స్పృహ బాగా ఉంటే వెచ్చని తియ్యని పానీయం ఇచ్చి, పెద్దలను పిలవాలి. వణుకు ఆగిపోయి మత్తుగా పడి ఉంటే తగ్గిందనుకోకూడదు. అది మరీ ప్రమాదం. వైద్య సహాయం కోసం పరుగెత్తాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలను కొండలకు పంపేటప్పుడు కెమెరా పెట్టారా అని కాదు, పొడిమేజోళ్ళు పెట్టారా అని అడగండి. వాతావరణం చెడితే సగం దారిలో వెనక్కి వచ్చిన పిల్లవాణ్ణి పిరికివాడని నవ్వకండి. వాడు తెలివైనవాడు. కొండ రేపు కూడా అక్కడే ఉంటుంది.

పిల్లలూ, ఇదంతా నేను చెప్పానని నమ్మవద్దు. మీరే పరీక్ష చెయ్యండి. ఒకే రకం స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి. ఒకదాన్ని ఉత్తినే ఉంచండి. రెండోదాని చుట్టూ, అడుగునా పొడి దూది వదులుగా కట్టండి. మూడోదానికి అలాగే కట్టి, దూదిని చల్లనీళ్ళతో తడపండి. ఇంట్లో పెద్దవాళ్ళచేత మూడింట్లోనూ ఒకే కొలత వేడినీళ్ళు పోయించి, పైన మూతలు పెట్టండి. 20 నిమిషాలు ఆగి, ఉష్ణమాపకం ఉంటే దానితో, లేకపోతే జాగ్రత్తగా వేలితో చూడండి. ఏది వెచ్చగా ఉంది? ఏది ముందు చల్లారింది? ఎందుకు? జవాబు నోటుపుస్తకంలో మీ సొంత మాటల్లో రాసుకోండి.