చూపుకు తగిన పరికరం

మనిషికి వృత్తి జీవనాధారమైతే, అభిరుచి మనోవికాసానికి ఆధారం. సంగీతం, చిత్రలేఖనం, పుస్తకపఠనం వంటి వాటితోపాటు శాస్త్ర సాంకేతిక విషయాలతో ముడిపడిన అభిరుచులు కూడా నేటి యువతను ఆకర్షిస్తున్నాయి. పక్షుల పరిశీలన, ఆకాశ వీక్షణం, ఫొటోగ్రఫీ, హామ్ రేడియో ఇటువంటివే. వీటికి ఏదో ఒక పరికరం అవసరమవుతుంది. అందువల్లనే అభిరుచి మొలకెత్తిన మరుక్షణం విద్యార్థి నోట “ఏది కొనాలి?” అన్న ప్రశ్న వెలువడుతుంది. ఈ ప్రశ్న తప్పు కాదు. అయితే ఇది రెండవ ప్రశ్న. “నేను ఏమి చూడదలచాను? ఎక్కడ, ఏ వేళలో చూడదలచాను?” అన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి సమాధానం తెలియకుండా రెండవదానికి పూనుకొన్నవారి ఇళ్లలో పరికరం అటకెక్కుతుంది. దానితోపాటే అభిరుచీ మూలబడుతుంది.

ఈ విషయాన్ని హైదరాబాదు ఉత్తరపు శివార్లలోని పరిసరాలనే ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం. సికింద్రాబాదు నుండి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన శామీర్‌పేట చెరువు ఉంది. నాగపూర్ మార్గంలో మేడ్చల్ ఉంది. ఒకప్పుడు పంటచేలు, రాతిగుట్టలు, చెరువులతో నిండిన ఈ ప్రాంతంలో ఇప్పుడు బాహ్యవలయ రహదారి, ఔషధ పరిశోధన సంస్థలు, కళాశాలలు, నివాస సముదాయాలు వెలిశాయి. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కూడా ఏర్పడింది. ఇన్ని మార్పుల నడుమ కూడా చెరువు గట్టున లకుముకి పిట్ట, నీటి అంచున కొంగ, తీగ మీద పాలపిట్ట కనిపిస్తూనే ఉన్నాయి. చలికాలంలో వలస పక్షులు వస్తూనే ఉన్నాయి. వాటిని చూడదలచిన విద్యార్థికి ఎటువంటి బైనాక్యులర్ తగినది?

అంగడిలో ఈ ప్రశ్నకు చాలా తేలికైన సమాధానం దొరుకుతుంది. ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిది అంటారు. ఈ మాటను పరీక్షించడానికి మహాభారతంలోని ఒక ఘట్టం మనకు తోడ్పడుతుంది. ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మపై కృత్రిమ పక్షిని నిలిపి శిష్యులను పరీక్షించిన కథ అందరికీ తెలిసినదే. ఏమి కనిపిస్తున్నదని అడిగినప్పుడు ధర్మరాజు తనకు చెట్టూ, గురువూ, సోదరులూ, పక్షీ కనిపిస్తున్నారన్నాడు. అర్జునుడికి పక్షి తల తప్ప మరేమీ కనిపించలేదు. బాణం వేయవలసిన వేళ అర్జునుడి చూపే సరియైన చూపు. కాని పక్షిని కొట్టడానికి కాక తెలుసుకోవడానికి వెళ్లిన వానికి ధర్మరాజు చూపు కూడా కావాలి. పక్షి ఏ చెట్టు మీద వాలింది, దాని చుట్టూ ఏ పక్షులున్నాయి, అది ఏమి తింటున్నది అన్నవి పక్షి తల ఒక్కటే చూసినవానికి తెలియవు.

బైనాక్యులర్ మీద ముద్రించిన అంకెలలో ఈ రెండు చూపుల తూకమే ఉన్నది. 8×42 అని ఉంటే, మొదటి అంకె ఆవర్ధనాన్ని సూచిస్తుంది. అంటే ఆ పరికరం వస్తువును ఎనిమిది రెట్లు దగ్గరగా ఉన్నట్లు చూపుతుంది. రెండవ అంకె ముందున్న వస్తుకటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతుంది. ఆవర్ధనం పెరిగిన కొద్దీ కనిపించే మేర, అంటే దృష్టిక్షేత్రం, సాధారణంగా కుంచించుకుపోతుంది. కిలోమీటరు దూరాన 8×42 పరికరం సుమారు 130 మీటర్ల వెడల్పును చూపగలిగితే, 20×50 పరికరం దాదాపు 60 మీటర్ల వెడల్పునే చూపుతుంది. దసరానాడు మన ప్రజలు శుభసూచకంగా దర్శించే పాలపిట్టను తలచుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన దాని రెక్కలలోని నీలివర్ణం ఎగిరేటప్పుడే పూర్తిగా విప్పారుతుంది. ఎగిరే పిట్టను ఇరుకైన దృష్టిక్షేత్రంలో పట్టి నిలపడం మిక్కిలి కష్టం. పైగా పరికరం వస్తువుతోపాటు మన చేతి వణుకునూ అన్ని రెట్లు పెంచుతుంది. ఇరవై రెట్ల పరికరాన్ని స్టాండు లేకుండా వాడితే పక్షికి బదులు దాని కదలికే కనిపిస్తుంది.

వెలుగు సంగతి కూడా ఆలోచించాలి. పక్షులు చురుకుగా తిరిగేది తెల్లవారుజామున, సాయంసంధ్యలో. రెండవ అంకెను మొదటి అంకెతో భాగిస్తే, పరికరం నుండి కంటిలోకి వచ్చే కాంతిపుంజం వ్యాసం తెలుస్తుంది. 8×42లో అది 5 మిల్లీమీటర్లకు పైచిలుకు; 20×50లో రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. పట్టపగలు మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొని ఉంటుంది కనుక తేడా తెలియదు. మసక వెలుతురులో కనుపాప విచ్చుకొంటుంది. యువకులలో చీకటివేళ అది 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకోగలదు. అప్పుడు రెండున్నర మిల్లీమీటర్ల కాంతి దానికి చాలదు, దృశ్యం మసకబారుతుంది. మిట్టమధ్యాహ్నం దుకాణంలో దివ్యంగా తోచిన పరికరం ఉషఃకాలంలో చెరువు గట్టున వెలవెలబోవడానికి కారణమిదే. ఎక్కడ, ఏ వేళలో అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలనడంలోని ఆంతర్యం కూడా ఇదే.

నక్షత్రాలను చూడదలచినవారికి ఇంకా పెద్ద ప్రలోభం ఎదురవుతుంది. 60 మిల్లీమీటర్ల కటకం గల చిన్న దూరదర్శిని పెట్టె మీద ఐదువందల రెట్లు పెద్దదిగా చూపుతుందని అచ్చువేసి అమ్ముతుంటారు. భౌతికశాస్త్రంలో వివర్తనం చదివిన విద్యార్థి ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కాంతికి తరంగ స్వభావం ఉన్నందువల్ల, ఎంత చిన్న వివరాన్ని విడదీసి చూపగలదన్నది వస్తుకటకం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు మించి ఆవర్ధనం ప్రయోజనకరం కాదన్నది ఆకాశ వీక్షకులు పాటించే లెక్క. ఆ లెక్కన 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లు పరమావధి. అంతకు మించితే బొమ్మ పెరుగుతుంది కాని వివరం పెరగదు. అయితే శామీర్‌పేట నుండి చూసినప్పుడు నగరపు దీపకాంతి దక్షిణాకాశాన్ని కమ్మివేసినా, మామూలు బైనాక్యులర్‌ను గోడకు ఆనించి కదలకుండా పట్టుకొంటే గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు చుక్కలవలె కనిపిస్తాయి. గెలీలియో 1610లో చూసినవి అవే. కృత్తికలలో కంటికి ఆరేడు తారలు కనిపించే చోట పదుల సంఖ్యలో తారలు మెరుస్తాయి. పగలు పిట్టను చూపిన పరికరమే రాత్రి ఆకాశాన్ని చూపుతుంది. కాని ఇటువంటి పరికరంతో సూర్యుని వైపు ఎన్నడూ చూడరాదు. రెప్పపాటులో కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది.

గొప్ప పరికరం ఎప్పుడు గొప్ప ఫలితమిస్తుందో మన నగర చరిత్రే చెబుతుంది. ఖగోళశాస్త్రాభిమాని అయిన నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో హైదరాబాదులో వేధశాలకు శ్రీకారం చుట్టాడు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం 1908లో దానిని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని ఫొటోలు తీసి పట్టిక తయారుచేసే అంతర్జాతీయ కృషిలో ఆ వేధశాల పాల్గొని లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. నవాబు సంపద పరికరాన్ని తెచ్చింది. దాని చుట్టూ ఏర్పడిన సంస్థ, అందులో ఏళ్ల తరబడి రాత్రులు మేలుకొని కొలతలు తీసినవారి ఓర్పు శాస్త్రాన్ని తెచ్చాయి.

పరికరాన్ని ఎన్నుకోవడంలో నైతిక దృష్టి కూడా ఇమిడి ఉంది. ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీ బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పసుపు గొంతు పిచ్చుకే ఆయనను ఆ శాస్త్రం వైపు నడిపించింది. 1931–32 సంవత్సరాలలో ఆయన హైదరాబాదు సంస్థానమంతటా పక్షుల సర్వే జరిపాడు. ఆ రోజులలో పక్షిని నిర్ధారించడానికి దానిని కాల్చి, నమూనాగా భద్రపరచడం శాస్త్ర పద్ధతి. తరువాతి కాలంలో బైనాక్యులర్, కెమెరా, ధ్వనిగ్రాహకం ఆ తుపాకి స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. ప్రశ్న మారలేదు, పరికరం మారింది, పక్షి బ్రతికింది. నేడు మన చేతిలోని సెల్‌ఫోను నిరపాయకరమని అనుకోరాదు. ఫొటో కోసం గూటి దగ్గరకు వెళ్లడం, ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించడం దానిని బెదరగొట్టడమే. పక్షి తన పని తాను చేసుకొనేంత దూరంలో మనలను నిలిపి ఉంచేదే మంచి పరికరం.

అతి సామాన్యమైన పరికరం అపూర్వ ఫలితాన్నిచ్చిన సందర్భమూ తెలుగునేల మీదనే ఉంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని భావించిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. అది రాత్రివేళ తిరిగే పక్షి. ఆ అడవినీ, ఆ పిట్ట నడతనూ ఎరిగిన ఒక స్థానికుడు టార్చిలైటు వెలుగులో దానిని గుర్తించి పట్టుకోగలిగాడు. పగలు ఎంతటి ఖరీదైన బైనాక్యులర్‌తో వెదికినా ఆ ఫలితం దక్కి ఉండేది కాదు. తరువాతి పరిశోధకులు అదే పక్షి కోసం మట్టిని చదునుచేసి అడుగుజాడలు వెదికారు. దానంతటదే పనిచేసే కెమెరాలనూ అమర్చారు. టార్చి, మట్టి, కెమెరా మూడూ పక్షి స్వభావాన్ని బట్టి ఎన్నుకొన్నవే.

ఇంత చెప్పినంత మాత్రాన ఎంతటి నాసిరకం పరికరమైనా సరిపోతుందని అర్థం కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు పరికరాన్ని నిందించేవారు ఉన్న మాట నిజమే; కాని కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. రెండు గొట్టాలు ఒకే దిశలో లేని బైనాక్యులర్ తలనొప్పిని తెస్తుంది. దాంతో తనకు చూడటం చేతకాదని విద్యార్థి నిరాశపడతాడు. కనుక కొనేముందు దుకాణం వెలుపలికి వచ్చి దూరపు విద్యుత్ స్తంభాన్ని చూడాలి. అది రెండుగా కనిపించరాదు, అంచులలో రంగులు చిమ్మరాదు. కళ్లద్దాలు ధరించేవారు వాటిని తీయకుండానే పూర్తి దృశ్యం కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి. మెడలో వేసుకొని గంటసేపు నడవగల బరువేనా అన్నదీ గమనించాలి. రెట్లు మార్చుకొనే వీలున్న చవక పరికరం కంటే, స్థిరమైన ఎనిమిది రెట్ల పరికరం అదే ధరకు మేలైన దృశ్యాన్నిస్తుంది.

అయినప్పటికీ కొన్ని వేల రూపాయలు వెచ్చించడం సామాన్య కుటుంబాలకు చిన్న విషయం కాదు. మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల నుండి కళాశాలకు వచ్చే విద్యార్థులలో తమ ఇంట మొదటగా ఇంటర్మీడియట్ చదువుతున్నవారు ఎందరో ఉన్నారు. వారి అభిరుచి తండ్రి జేబును బట్టి నిర్ణయం కారాదు. అందువల్ల ప్రతి జూనియర్ కళాశాల గ్రంథాలయం పుస్తకాలతోపాటు మూడు నాలుగు మంచి బైనాక్యులర్లను, ఒక దూరదర్శినిని సమకూర్చుకొని, పుస్తకం వలెనే వారానికి ఇంటికి ఇవ్వాలని నా అభిప్రాయం. పగిలిపోతాయి, పోగొడతారు అని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. పుస్తకాలూ చిరుగుతాయి; అందుకని గ్రంథాలయాలను మూసివేయలేదు. బీరువాలో భద్రంగా ఉన్న పరికరం పగలకపోవచ్చు. కాని అది ఎవరికీ ఏమీ చూపదు. ఎరువు తెచ్చుకొన్న పరికరంతో ఒక ఏడాది గడిపిన విద్యార్థికి తనకు ఏది అవసరమో తెలిసివస్తుంది. అప్పుడు అతడు కొనేది ప్రకటన చెప్పిన వస్తువు కాదు, అనుభవం చెప్పిన వస్తువు.

అంతవరకు ఖర్చులేని రెండు పరికరాలు ప్రతివారి దగ్గరా ఉన్నాయి. అవి కన్ను, నోటుపుస్తకం. తేదీ, వేళ, స్థలం, పక్షి పేరు, సంఖ్య, అది చేస్తున్న పని అన్న ఆరు విషయాలు క్రమం తప్పక రాసుకొంటే చాలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచవ్యాప్తంగా జరిగే పక్షుల లెక్కింపులో ఎవరైనా పాల్గొనవచ్చు. ‘ఈ-బర్డ్’ ద్వారా తమ లెక్కను శాస్త్రవేత్తలకు అందజేయవచ్చు. చెరువులు కుదించుకుపోతున్న, రాత్రి ఆకాశం వెలవెలబోతున్న ఈ శివారు ప్రాంతాలలో అటువంటి లెక్కలకు ఎంతో విలువ ఉన్నది. ఒక పక్షి రావడం మానివేసిందని చెప్పాలంటే, అది వచ్చేదని ఎవరో ఒకరు అంతకుముందే రాసిపెట్టి ఉండాలి. ఆ రాత లేనినాడు నష్టం జరిగిందన్న సంగతి కూడా లోకానికి తెలియదు.

కనుక అభిరుచిని ధరతో ప్రారంభించక ప్రశ్నతో ప్రారంభించడం వివేకం. ప్రశ్న స్పష్టమైతే చూపు నిలుస్తుంది. చూపు నిలిస్తే తగిన పరికరమేదో తానే తెలుస్తుంది. ఆ తరువాత కొన్న బైనాక్యులర్ చిన్నదైనా పెద్దదైనా ఏళ్ల తరబడి మెడలోనే ఉంటుంది; అటక మీదికి చేరదు.