తమది కాని స్థానాన్ని అమ్ముతున్నారు

'గూగుల్ మొదటి పేజీలో మీ దుకాణం. మూడు నెలల్లో గ్యారంటీ.' చిన్న వ్యాపారం చేసుకునేవారిలో ఈ ఫోన్ రానివారు అరుదు. ఈ మాట పచ్చి అబద్ధం. ఆ స్థానం అమ్మేవాడి సొత్తు కాదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. మామూలు ఫలితాల్లో ముందుకు తెచ్చేందుకు తాను డబ్బు తీసుకోనని కూడా చెప్పింది. మరి మన ఊళ్లలోని దుకాణదారు నెలనెలా కడుతున్నది దేనికి?

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక పెద్దమనిషి ఏడాదిగా ఇలాంటి ఒక ఏజెంటుకు నెలకు 12 వేల రూపాయలు కడుతున్నారు. నెల తిరిగేసరికి ఆయన వాట్సాప్‌కు ఒక నివేదిక వస్తుంది. అందులో పచ్చరంగు బాణం, పక్కన 'ర్యాంక్ 1'. ఏ మాట వెతికితే ఆ ర్యాంకు వచ్చిందని చూస్తే, అది ఆయన దుకాణం పేరే. సొంత పేరు కొట్టి వెతికితే సొంత దుకాణం రాక మరెవరిది వస్తుంది? ఆయన గట్టిగా అడిగితే ఏజెంటు కొట్టుకే వచ్చాడు. గల్లాపెట్టె పక్కన నిలబడి, ఫోన్‌లో 'చేనేత చీరల షాపు' అని వెతికి చూపించాడు. దుకాణం పైనే కనబడింది. పెద్దాయన నమ్మి ఇంకో మూడు నెలలకు కట్టేశారు. వెతికే మనిషి ఎక్కడున్నాడో చూసుకుని, దగ్గరున్న కొట్లను గూగుల్ ముందు చూపుతుందన్న సంగతి ఆయనకు తెలియదు. ఏజెంటుకు తెలుసు. వరంగల్‌లో ఉంటున్న ఆయన కూతురు 'మంగళగిరి చీరలు' అని వెతికితే నాలుగు పేజీలు తిప్పినా నాన్న కొట్టు జాడ లేదు.

ఆ పెద్దాయన దుకాణానికి ఏజెంటు నడుపుతున్న వెబ్‌సైట్ తెరిచి చూస్తే కడుపు రగిలిపోతుంది. విజయవాడకు ఒక పేజీ, గుంటూరుకు ఒకటి, తెనాలికి ఒకటి, ఏలూరుకు ఒకటి. ఊరి పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఆ ఊళ్లలో ఆయనకు కొట్టూ లేదు, మనిషీ లేడు. ఇలా ఊరి పేర్లు మార్చి పేజీలు పేర్చడం గూగుల్ నిబంధనల ప్రకారం తప్పు. ర్యాంకుల కోసం పనికిరాని పేజీలను గుట్టలుగా తయారుచేస్తే, మనిషి రాసినా యంత్రం రాసినా అది తప్పేనని 2024 మార్చిలో ఆ నిబంధనలను ఇంకా బిగించారు. వ్యాపారికి ఇంటర్నెట్‌లో దారి చూపిస్తామని వచ్చినవాళ్లు, అతని పేరు మీదే దొంగపని చేస్తున్నారు.

దొరికినప్పుడు శిక్ష పడేది కూడా వ్యాపారికే. ఇతర సైట్ల నుంచి లింకులు కొని పెట్టించడం ఈ ఏజెంట్ల పాత విద్య. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థను, దానితో సంబంధంలేని వందల సైట్లలో లింకులు పెట్టించి ముందు వరుసలో నిలిపిన సంగతిని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ ఆ సంస్థను ఫలితాల్లో కిందికి తోసేసింది. తమకు తెలియకుండా జరిగిందని సంస్థ చెప్పుకుని, ఆ పని చూసే కన్సల్టెంట్లను తీసేసింది. 2012లో గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అనే మార్పుతో ఇలాంటి లింకుల మీద వేటు మరింత పెరిగింది. జేసీ పెన్నీ లాంటి పెద్ద సంస్థ ఆ దెబ్బను కాచుకోగలదు. ఫలితాల్లోంచి జారిపోయిన చిన్న దుకాణదారుకు ఏం జరిగిందో చెప్పేవారుండరు. ఆ పాటికి ఏజెంటు నంబరు మారిపోయి ఉంటుంది.

ఇంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. వెబ్‌సైట్ చిరునామాను ఏజెంట్లు తమ పేరు మీద రిజిస్టర్ చేసుకుంటారు. గూగుల్ మ్యాప్స్‌లోని దుకాణం ఖాతా తాళాలు కూడా తమ దగ్గరే పెట్టుకుంటారు. ఆ ఖాతా తెరవడానికి గూగుల్ పైసా తీసుకోదు. 'ఇక వద్దు' అన్న రోజున అన్నీ మూతపడతాయి. పదేళ్లుగా వాడుకలో ఉన్న దుకాణం పేరు పరాయివాడి గుప్పిట్లో ఇరుక్కుంటుంది. దీన్ని సేవాలోపం అంటే చాలదు, ఇది ఆస్తి కబ్జా.

గూగుల్ చేతులు కడుక్కుంటే కుదరదు. ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపే మొగ్గుతుందని ఆ సంస్థను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లే 1998లో తమ పరిశోధన పత్రంలో రాశారు. ఇప్పుడు చీరల కోసం వెతికితే ముందుగా తగిలేవి డబ్బు కట్టినవారి ప్రకటనలే. అవి ప్రకటనలని చెప్పే గుర్తును ఎందరు గమనిస్తారు? సెర్చ్‌లో పక్షపాతం చూపినందుకు మన కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తేల్చింది. ఊరికి ఒకే దారి ఉన్నప్పుడే ఆ దారి మొదట్లో దళారులు మకాం వేస్తారు.

ప్రభుత్వాలు మాత్రం ఇది తమకు పట్టని సంగతిగా చూస్తున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. కానీ వాణిజ్య ప్రయోజనం కోసం తీసుకున్న సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదన్న నిబంధన చూపించి, దుకాణదారు ఫిర్యాదును గడప దగ్గరే ఆపేయవచ్చు. ఈ చిక్కుముడి విప్పాల్సింది కేంద్రం. రాష్ట్రాలు చేయగలిగిన పని ఇంకా తేలిక. జిల్లా పరిశ్రమల కేంద్రాలు తెలుగులో ఒక నమూనా ఒప్పందం అచ్చువేసి పంచాలి. వెబ్‌సైట్ చిరునామా, ఖాతాలు యజమాని పేరు మీదే ఉండాలి. ఏ పని చేశారో నెలనెలా రాతపూర్వకంగా చెప్పాలి. ర్యాంకు గ్యారంటీ ఇచ్చే ఒప్పందం చెల్లదు. ఈ మూడూ ఒక్క కాగితంలో పడతాయి.

ఈ రంగంలో నిజాయతీగా పనిచేసేవారు లేకపోలేదు. వారు ముందే చెబుతారు, ఫలితం కనబడటానికి నెలలు పడుతుందని, ఏడాది కూడా పట్టవచ్చని. సైట్ ఫోన్‌లో త్వరగా తెరుచుకునేలా చేస్తారు. చిరునామా, తెరిచి ఉండే వేళలు సరిచేస్తారు. ఆ తర్వాత యజమానిని కూర్చోబెట్టి, కొనేవాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారని అడుగుతారు. మంచి పేజీ అక్కడినుంచే పుడుతుంది.

మంగళగిరి పెద్దాయన కొట్లో ఒక గంట కూర్చుంటే ఆ సంగతి అర్థమవుతుంది. ఒకావిడ వచ్చి ఇది చేనేతేనా, మరమగ్గమా అని అడిగింది. ఆయన చీర విప్పి, అంచు పొడుగునా ఉన్న సన్నటి సూదిబెజ్జాలను చూపించారు. మగ్గం మీద బట్టను బిగువుగా పట్టి ఉంచేందుకు గుచ్చిన గుర్తులవి అన్నారు. నిజాం బోర్డరు అంటే ఏమిటో, 80 కౌంటు నూలుకు, 100 కౌంటు నూలుకు ఒంటి మీద తేడా ఎలా తెలుస్తుందో, మొదటి ఉతుకు ఎలా ఉతకాలో చెప్పారు. ఆవిడ రెండు చీరలు కొనుక్కుని వెళ్లింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆయన వెబ్‌సైట్‌లో లేదు. ఏడాదిలో 1,44,000 రూపాయలు తీసుకున్న మనిషి ఆయన్ను చీరల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.