మన సభలకు ఏ ధ్వనివర్ధకం?

మన కళాశాలలో ముషాయిరా జరిగినా, తెలుగు కవి సమ్మేళనం జరిగినా వెనుక వరుసలలోని విద్యార్థులకు కవి గొంతు వినిపిస్తుంది గాని మాట వినిపించదు. ఉర్దూలో చంద్రుని పేరైన 'ఖమర్'కూ, నడుమును తెలిపే 'కమర్'కూ, తెలుగులో 'కల'కూ 'కళ'కూ గల భేదం ఆ రొదలో కలిసిపోతుంది. రెండు భాషలకు నిలయమైన విద్యాలయంలో ఇది స్వల్పలోపమని మేము భావించడం లేదు.

మరింత శక్తిగల యాంప్లిఫయరు కొంటే చాలునని కొందరి వాదన. లోపం శక్తిలో లేదు, ధ్వనివర్ధకపు ఆకృతిలో ఉన్నదని మా అభిప్రాయం. వేదిక కిరుప్రక్కల కట్టే లోహపు బూర ఆరుబయటికి తగినది. కొద్దిపాటి విద్యుత్తుతో అది చాలా దూరం పలుకుతుంది. కాని మంద్రధ్వనులను, 'స', 'శ' వంటి హల్లులకు ప్రాణమైన అతితారధ్వనులను చాలవరకు జారవిడుస్తుంది. పైగా నాలుగు గోడల నడుమ ఆ ధ్వని కప్పుకూ గోడలకూ తగిలి మరలివచ్చి తరువాతి అక్షరాన్ని కప్పివేస్తుంది. శక్తిని పెంచితే ఆ ప్రతిధ్వనియు పెరుగుతుంది.

గోల్కొండ కోట ముఖద్వారం వద్ద చరచిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరాన ఉన్న బాలా హిసార్‌లో వినిపించడం మనమందరం ఎరిగినదే. అది కట్టడపు ఆకృతి మహిమ.

ఒకప్పుడు స్పీకరును మట్టికుండ మూతికి బిగించి పాటలు వినేవారుండేవారు. దానిని చూచి నవ్వనక్కరలేదు. వివిధాకృతుల పెట్టెలపై అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యారీ ఓల్సన్ 1951లో ప్రకటించిన పరిశోధనలో గోళాకృతియే ధ్వనిని అత్యంత సమంగా వెలువరించినట్లు తేలింది. గోళానికి అంచులు లేవు కనుక ధ్వని అంచుల వద్ద చెదరదు. అయితే వట్టి కుండ ఒకే స్వరానికి గుమ్మంటుంది, లోపల దూది కూర్చాలి. ఏనుమాముల మార్కెట్టుకు పత్తి రాశులుగా వచ్చే వరంగల్లులో దూదికి కరవు లేదు!

సభామందిరానికి మాత్రం కుండకంటె స్తంభాకృతి మేలు. చిన్న స్పీకర్లను ఒకదానిపై నొకటి పేర్చిన నిలువు పెట్టె ధ్వనిని ఇరుప్రక్కలకు విశాలంగా, పైకీ క్రిందికీ స్వల్పంగా ప్రసరింపజేస్తుంది. కప్పుకు పోవలసిన ధ్వని శ్రోతలకే చేరుతుంది. ప్రతిధ్వనికి పేరుపొందిన లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో 1950 దశకపు తొలినాళ్లలోనే ఇట్టి స్తంభాలను అమర్చి మాటకు స్పష్టత చేకూర్చారు.

కనుక కళాశాల పాలకసంఘానికి మా మనవి ఒక్కటే. కొత్త యాంప్లిఫయరు కొనడానికి ముందు భౌతికశాస్త్ర విద్యార్థులచేత అట్టి స్తంభాలు రెండు చేయించండి. వేదికపై నుండి దగ్గరి ఉచ్చారణగల ఉర్దూ, తెలుగు పదాలను చదివించి, వెనుక వరుసలవారు విన్నది విన్నట్లు వ్రాయాలి. ఒకమారు బూరతో, ఒకమారు స్తంభాలతో పరీక్షించి తప్పులు లెక్కిస్తే వాదానికి తావుండదు. విద్యార్థులకు పుస్తకంలోని ధ్వనిపాఠం చేతికి అందుతుంది, కవులకు శ్రోతలు దక్కుతారు.

సభలో కావలసినది కేక కాదు, మాట.